ఏడో నంబరు పసుపు

ఫిబ్రవరి 3

వదినా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడమేంటని మొదటి ముక్కలోనే విసుక్కుంటావని తెలుసు. ఫోన్లో అయితే నీకు నచ్చని మాట రాగానే "గేటు దగ్గర ఎవరో వచ్చారు" అని పెట్టేస్తావు. మీ గేటు దగ్గరికి వచ్చినంతమంది జనం బస్టాండుకి కూడా రారు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

పనుండే రాస్తున్నాను. అన్నయ్య గోడలకి రంగు వేసేటప్పుడు నేల పాడవకుండా మందపాటి కాన్వాసు గుడ్డలు పరుస్తాడు కదా, వాటిలో పాతవేమైనా ఉంటే నాకు కావాలి. మొన్న పడకగది పరదాల కొలతలకని ఒకావిడ ఇంటికి వెళ్తే, ఆవిడ హాల్లో కిటికీలకి అవే గుడ్డలు! బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, తెల్లగా చేసి, కర్టెన్లు, దిండు గలీబులు, సోఫా కవర్లు అన్నీ కుట్టించుకుంది. దగ్గరికెళ్ళి పట్టి చూస్తే గానీ తెలియదు. పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ జిప్పులు మారుస్తూ, పాంట్లు పొట్టి చేస్తూ బతుకుతున్నాను. నా ఇంటికంటూ నేను కుట్టుకున్నది చేతిగుడ్డ కూడా లేదు.

ఇంకో కారణం మా హాలు గోడలు. ఆ పక్కవీధి పెయింటర్ వేసిన పసుపు చూస్తే గోడలకి కామెర్లు వచ్చాయా అనిపిస్తుంది. కర్టెన్లు కాస్త వెడల్పుగా కుడితే సగమైనా కప్పెట్టవచ్చు.

అన్నయ్యని నువ్వే అడుగు. సొంత అన్న రంగుల మేస్త్రీ అయి ఉండగా పరాయివాడి చేత గోడలకి రంగు వేయించుకున్నానని రెండేళ్ళుగా నాతో మాట్లాడటం మానేసిన మహానుభావుడాయె. ఎందుకు వేయించుకున్నానో నీకూ నాకూ తెలుసు. నిచ్చెన మీద కళ్ళు తిరిగి పడబోయాడని ఏడుస్తూ చెప్పింది నువ్వు. బయట తెలిస్తే పరువు పోయిందని మంచం పట్టేస్తాడని నా చేత ఒట్టు వేయించుకున్నదీ నువ్వే. మా ఇంటి ఎత్తు గోడలు ఎక్కకూడదని నేను వేరేవాడిని పిలిచాను. దానికి నాకు దక్కిన బిరుదు కృతఘ్నురాలు. ఒట్టు కాబట్టి నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. కుట్టడం ఎలాగూ వచ్చిన పనే కదా.

అన్నయ్య సరేనంటేనే పంపు. లేకపోతే వద్దు.

ఇట్లు, రెండేళ్ళుగా బోనులో నిలబడ్డ మరదలు

*

ఫిబ్రవరి 11

మరదలు పిల్లా,

నీ ఉత్తరం పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో నా రిసెప్షన్ బల్ల మీదే కూర్చుని చదివాను. నవ్వొచ్చింది. పన్ను పీకించుకోవడానికి వచ్చినాయన నన్ను చంపేసేలా చూశాడు.

ఊళ్ళో జనం కొత్త గుడ్డ కొనుక్కుని ఇంటికి కర్టెన్లు కుట్టించుకుంటారు. మా ఆడపడుచుగారికి మాత్రం నేల మీద పరిచి, జనం తొక్కి, రంగు కారిన గుడ్డలు కావాలి. కానీయ్. రేపు ఆ బకెట్లు, బ్రష్షులు కూడా పంపుతాను, పూలకుండీలుగా పెట్టుకో.

ఆరు గుడ్డలు పార్సిల్ చేశాను. స్టోరు గదిలో అంతకు మించి లేవు. దులిపేసరికి నేనూ ఒక గోడలా తయారయ్యాను. మీ అన్నయ్యగారిని అడిగాను. "స్టోర్లో ఆ పాత గుడ్డలు మీ చెల్లెలికి పంపనా?" అన్నాను. "ఊఁ" అన్నారు. అంతకంటే పొడుగు మాట మా పెళ్ళినాడు కూడా ఆయన నోటి నుంచి రాలేదు.

నీ ఒట్టు సంగతి నేను మర్చిపోలేదు. సమయం చూసి నేనే చెప్తాను. ఆయన ముక్కు మీద కోపం కాస్త కిందికి దిగనీ.

మీ వదిన

*

ఫిబ్రవరి 26

వదినా,

ఊఁ అన్నాడా! నిజంగా? గట్టిగా అన్నాడా, గొణిగాడా? రెండేళ్ళ తర్వాత అన్నయ్య నా విషయంలో అన్న మొదటి మాట. మా ఆయన అయితే "ఒక ఊఁ కోసం ఇంత సంబరమా?" అని వెక్కిరిస్తున్నారు. అన్నదమ్ములు లేని మనిషికి ఏం తెలుస్తుంది.

ఇక మా ఇంటి పరిస్థితి. పెద్ద టబ్బులో బ్లీచింగ్ నీళ్ళు, అందులో గుడ్డ, చేతిలో కర్ర, కళ్ళనిండా నీళ్ళు. మా ఆయన ముక్కుకి రుమాలు కట్టుకుని తిరుగుతున్నారు. ఎదురింటావిడ ఆయన్ని చూసి బ్యాంకు దొంగేమో అనుకుంది. ఎక్కువసేపు ఉంచితే పోగులు చచ్చిపోయి చేత్తో లాగితే చిరుగుతుంది, తక్కువసేపు ఉంచితే మురికి టీ రంగులో ఉండిపోతుంది. మొదటి గుడ్డ చిరిగింది, రెండోది టీ రంగు. మూడోదానికి చెయ్యి కుదిరింది. మూడు నీళ్ళు జాడించి, మేడ మీద తీగకి వేస్తే ఎండలో తెల్లగా మెరిసిపోయింది. ఇరుగుపొరుగు అందరినీ పిలిచి చూపించాను. అందరూ బావుందన్నారు, ముక్కు మూసుకుని.

కుట్టడం ఇంకో కథ. మూడు సూదులు విరిగాయి. చివరికి లావు సూది వేస్తే గానీ దిగలేదు. మొదటి కర్టెన్ కొలత తీసి, కత్తిరించి, కుట్టి, ఆ తర్వాత వేడినీళ్ళలో ఉతికాను. అది కిటికీకి మోకాళ్ళ దాకా వచ్చింది. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న దర్జీని. ముందు ఉతికి తర్వాత కొలవాలని స్కూలు పిల్లలకి కూడా తెలుసు.

ఒక మాట. బ్లీచింగ్‌కి మురికి పోతుంది గానీ రంగు చుక్కలు పోవు. నడిమధ్య చుక్కల్ని పట్టించుకోలేదు, పూల డిజైన్ అనుకుంటారులే. కానీ విప్పిన అన్ని గుడ్డలకీ ఒక అంచున, వరసగా, అగ్గిపెట్టెంత రంగు ముక్కలు పూసి ఉన్నాయి. ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో అన్నయ్య చేతిరాత. 'హెడ్మాస్టరు హాలు', 'డాక్టరు మెట్లు', 'మూలింటి వంటగది'. గోడకి వేసేముందు కలిపిన రంగు అక్కడ పూసి చూసుకుంటాడన్నమాట. ఏ ఇంటికి ఏ రంగు కలిపాడో లెక్కంతా ఈ అంచుల్లోనే ఉంది. నీళ్ళలో వేశాకే చూశాను. పెన్సిల్ కొంచెం మసకేసింది గానీ రంగు చెక్కుచెదరలేదు. ఆ అంచులు కత్తిరించి పట్టీలుగా విడిగా పెట్టాను. ఇవి ఆయనకి అక్కర్లేదా? పని మానేస్తున్నాడా? ఒంట్లో బాగానే ఉందా? అడిగి రాయి.

ఒక గుడ్డ ఇంకా విప్పలేదు.

నీ మరదలు

*

మార్చి 7

అమ్మాయ్,

నువ్వు పంపిన మోకాళ్ళ కర్టెన్ ఫొటో చూశాను. ఎనిమిదో తరగతి కుర్రాడు ఐదో తరగతి నిక్కరు వేసుకున్నట్టు ఉంది. కిటికీకి కాళ్ళు చలేస్తాయేమో, సాక్సులు కూడా కుట్టు.

పట్టీల గురించి అడిగావు. అడిగాను, అక్కర్లేదన్నారు. ఆరోగ్యం బాగానే ఉంది. కళ్ళు తిరగడం గురించి ఎత్తితే నాకే కళ్ళు తిరిగేలా అరుస్తున్నారు, అంటే ఓపిక ఉన్నట్టే కదా. నువ్వు అనవసరంగా బుర్ర పాడుచేసుకోకు.

ఇంట్లో మాత్రం వేరే గొడవ. హెడ్మాస్టరుగారి హాల్లో గోడ పెచ్చు లేచిందట. అక్కడ పాత రంగే వేయాలట, ఇసుమంత తేడా రాకూడదట. అప్పట్నుంచి మీ అన్నయ్యగారు స్టోరు గదిలో ఏదో వెతుకుతున్నారు. నాకేం తెలుసు ఏం వెతుకుతున్నారో. ఎలుకలు కొట్టేశాయేమో అన్నాను. ఇప్పుడు ఇంట్లో మూడు ఎలుకల బోన్లు ఉన్నాయి, ఎలుక మాత్రం ఒక్కటి కూడా లేదు. పొద్దున్నే లేచి మూడింటినీ చూసి నిట్టూరుస్తున్నారు. ఎందుకని నన్నడక్కు.

ఇంకోటి. ఆ గుడ్డలతో కుట్టినవి ఏవీ మా ఇంటికి పంపకు. నాకు దుమ్ము పడటంలేదు, తుమ్ములొస్తున్నాయి.

మీ వదిన

*

మార్చి 8

వదినా,

నీ సమాధానం వచ్చేదాకా ఆగలేక ఈ పార్సిల్ పంపుతున్నాను. ఇందులో ఒక దిండు ఉంది. అన్నయ్య కుర్చీలో నడుము వెనక పెట్టుకోవడానికి. ఆయన చేతికే ఇవ్వు. నా పేరు చెప్పు, తప్పదు.

దానికి మూడు పక్కలు మెషీన్ కుట్టు. నాలుగో పక్క చేత్తో వదులుగా కుట్టి దారం చివర వదిలేశాను. చూస్తే అన్నయ్యకి అర్థమవుతుంది. చిన్నప్పుడు ఆయనకి దొరక్కూడదనుకున్నవన్నీ నేను దిండులో అలాగే దాచుకునేదాన్ని, ఆయన అలాగే దారం లాగి కొట్టేసేవాడు.

ఆరో గుడ్డ విప్పాను. ఎక్కువ రాయలేను. ఆయన తిడితే తిట్టినట్టే రాయి. నాకు తిట్లే కావాలి.

నీ మరదలు

*

మార్చి 18

మరదలు పిల్లా,

పంపొద్దంటే పంపావు. మన ఉత్తరాలు దారిలో ఎదురెదురు పడి పలకరించుకోకుండా వెళ్ళిపోయినట్టున్నాయి, అచ్చం మీ అన్నాచెల్లెళ్ళలాగే.

దిండు అందింది. అందులో దూది పెట్టావా, పాత చెప్పులు పెట్టావా? అంత గట్టిగా ఉంది. పైగా నాలుగో పక్క బద్ధకించి వదులుగా కుట్టి, దారం వేలాడేసి, దానికొక చిన్నప్పటి కథ అల్లావు. నేనే లావు దారంతో రెండు వరసలు గట్టిగా కుట్టేశాను. థాంక్సులు అక్కర్లేదు.

మీ అన్నయ్యగారు చాలా బావుందన్నారు. ఎప్పుడు చూసినా ఆ దిండు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటున్నారు. అంత గిరాకీగా ఉంది. ఇంకేం రాయాలి? తిట్లేమీ లేవు. హెడ్మాస్టరుగారి గోడ అలాగే ఉంది, మూడు రకాలు కలిపి చూశారు, ఏదీ కుదరలేదట. బోన్లు నాలుగయ్యాయి.

మీ వదిన

*

ఏప్రిల్ 4

వదినకి,

ఇది నా ఆఖరి ఉత్తరం అనుకో. ఫోన్ కూడా చేయను. మీ గేటుకి విశ్రాంతి.

"చాలా బావుంది." అంతేనా? అది చూశాక కూడా అన్నయ్య నోటి నుంచి వచ్చింది అంతేనా? దిండు మీద అందరూ కూర్చుంటున్నారట! లోపల ఏముందో చూసి కూడా దాని మీద కూర్చోబెట్టాడంటే నేనిక చెప్పేదేముంది.

ఆరో గుడ్డ అంచున ఇళ్ళ పేర్లు లేవు వదినా. వరసగా ఏడు పసుపు ముక్కలున్నాయి. 'చెల్లి పసుపు 1', 'చెల్లి పసుపు 2', అలా ఏడు. గుర్తుందా, నాకు మా చిన్నప్పటి అద్దింటి వంటగది గోడ పసుపే కావాలని నేను మంకుపట్టు పడితే అందరి ముందూ పగలబడి నవ్వాడు. "అది పసుపు కాదే, తెల్లసున్నానికి పొగ పట్టి అలా అయింది. పొగని డబ్బాలో అమ్మరు" అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే నువ్వు కళ్ళు తిరగడం సంగతి చెప్పావు, నేను పక్కవీధి వాడిని పిలిచాను. కానీ నవ్వేసి వెళ్ళిన మనిషి ఊరికే ఉండలేదు. మా ఇంటికి వేయడానికి ఆ పొగ రంగు కోసం ఏడుసార్లు కలుపుకున్నాడు. ఆరింటి మీద అడ్డగీత కొట్టేశాడు. ఏడో దాని పక్కన ఏం రాశాడో తెలుసా? 'ఇదే. అది ఒప్పుకోదు.'

నేను మేడ మీద ఆ గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. ఏడోది చూడగానే అమ్మ పొయ్యి దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూసినట్టు అనిపించింది. అదే వదినా. అచ్చంగా అదే. ఎంత ఏడ్చానో నాకే తెలియదు. ఆయన అంత చేసి పెట్టుకుంటే నేను వేరేవాడిని పిలిచి కామెర్లు పూయించుకున్నాను. ఆయనకి కోపం రాదా?

అందుకే హెడ్మాస్టరుగారిదీ, డాక్టరుగారిదీ, పట్టీలన్నీ చుట్టి ఆ దిండులో పెట్టాను. అన్నిటికీ పైన ఆ పసుపు పట్టీ. దానికి పిన్నుతో ఒక చీటీ గుచ్చాను. దాని మీద ఒకటే మాట, 'ఒప్పుకున్నాను.'

దానికి జవాబు లేదు. ఇంతకన్నా నేను ఏం కుట్టగలను? గుడ్డలు ఇచ్చాడు కాబట్టి కోపం పోయిందనుకున్నాను. నన్ను వదిలించుకోవడానికి ఇచ్చాడని ఇప్పుడు అర్థమైంది.

నీ ఒట్టు నీ దగ్గరే ఉంచుకో. చెప్పినా, చెప్పకపోయినా నాకిక ఒకటే.

మరదలు

*

ఏప్రిల్ 12

నా తల్లీ,

నన్ను తిట్టు. ఈ ఉత్తరం చదవడం అయ్యాక పది నిమిషాలు ఆగి బాగా తిట్టు. ఇప్పుడు మాత్రం చదువు.

నీ ఉత్తరం చదివి క్లినిక్‌లో కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాను. ఎందుకంటే ఆ దిండు అక్కడే ఉంది. మీ అన్నయ్య దాన్ని చూడనే లేదు. ఆయన చూస్తే ఆ గుడ్డ గుర్తుపడతారని భయమేసి, తీసుకెళ్ళి పళ్ళ డాక్టరుగారి వరండాలో బెంచీ మీద పడేశాను. దాని మీద ఎవరో ఒకరు కూర్చుంటున్నారని రాశానే, అది మాత్రం అబద్ధం కాదు. నేను వెళ్ళేసరికి దవడ వాచిన ఒకాయన దాన్ని వెనక పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. లాక్కుంటే "నొప్పితో ఉన్నవాడికి దిండు కూడా ఉంచరా?" అని బిక్కమొహం వేశాడు. డాక్టరుగారి కత్తెర తీసుకుని, నేను రెండు వరసలు గట్టిగా కుట్టిన ఆ కుట్టు నేనే కోశాను. ఆ కుట్టు కోస్తూ నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో.

ఇక మొదటి అబద్ధం. ఆ 'ఊఁ'. నేను అడిగినప్పుడు మీ అన్నయ్య పళ్ళు తోముకుంటున్నారు. నోటినిండా నురగ. ఆ ఊఁ గుడ్డల గురించో, నురగ గురించో దేవుడికే తెలియాలి. నాకు కావలసినట్టు విన్నాను. గుడ్డలు లేకపోతే ఆ నిచ్చెన ఎక్కడం మానేస్తారని నా వెర్రి ఆశ. గుడ్డలు పంపడానికి ముందు కూడా ఒకసారి తూలారు. పట్టీలు అక్కర్లేదన్నారని రాసింది రెండో అబద్ధం, అసలు అడగనే లేదు. ఎలుకలు మూడో అబద్ధం. దిండు బావుందన్నారని రాసింది నాలుగోది. నీ ఒట్టు మాత్రం అబద్ధం కాదు, పిరికితనం. రెండేళ్ళు నువ్వు మాట పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. సమయం చూసి చెప్తానన్నాను. ఆ సమయం రాలేదు, రానివ్వలేదు.

పట్టీలు తెచ్చి ఆయన ముందు పరిచి, అన్నీ చెప్పేశాను. కళ్ళు తిరగడం నీకు చెప్పింది నేనేనని, అందుకే నువ్వు వేరేవాడిని పిలిచావని, ఒట్టు వేయించుకున్నానని. అరుస్తారనుకుని తలుపులన్నీ ముందే వేసేశాను. అరవలేదు. నేల మీద కూర్చుని పట్టీలు ఒక్కొక్కటీ చూసుకున్నారు. పసుపు పట్టీ దగ్గర నీ చీటీ చదివి, ఏడో ముక్కని వేలితో తడిమారు. తర్వాత "రెండేళ్ళు అది నోరు మూసుకుందా? అది?" అన్నారు. నమ్మలేకపోయారు పాపం. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అద్దాలు కాదు, కళ్ళు.

లేచి నాలుగు బోన్లూ తీసుకెళ్ళి నా బట్టల బీరువా ముందు వరసగా పెట్టారు. "ఎలుక ఇక్కడుంది" అన్నారు. రెండు రోజులుగా నాతో మాటల్లేవు. నీ బదులు ఇప్పుడు నేను బోనులో ఉన్నాను. బావుంది, నాకు తగిన శాస్తే.

హెడ్మాస్టరుగారి గోడకి మాత్రం రంగు కుదిరింది. నిలువెత్తు దాకానే పెచ్చు లేచింది కాబట్టి నిచ్చెన లేకుండానే వేసి వచ్చారు.

ఈ కాగితంలో కింద జాగా వదలమన్నారు. వదిలాను. ఏం రాస్తారో నాకు చూపించరట.

మీ వదిన

*

ఏమే దర్జీ,

నేను కలిపిన రంగు నువ్వు ఒప్పుకోవడానికి గుడ్డ బ్లీచింగ్‌లో వెయ్యాల్సొచ్చింది. పోనీలే, ఇప్పటికైనా కళ్ళు తెరుచుకున్నాయి.

నీ వదిన నన్ను ఇక నిచ్చెన ఎక్కనివ్వదట. నువ్వూ ఎక్కనివ్వవట. ఇద్దరూ కలిసి నన్ను ముసలివాణ్ణి చేసేశారు. సరే. నీ హాల్లో పైభాగం ఆ పక్కవీధి వాడు వేస్తాడు, నేను కింద కుర్చీ వేసుకుని వాడిని తిడుతూ ఉంటాను. చెయ్యి అందేంతవరకు గోడ నాది, దాని మీద వాడి బ్రష్షు పడకూడదు. ఏడో నంబరే. ఎవరినీ కలపనివ్వకు, నేనొచ్చి కలుపుతాను.

నాకు కళ్ళు తిరుగుతున్న సంగతి నువ్వు నన్నే అడగాల్సింది. వేరేవాడిని ఎందుకు పిలిచావో నేను నిన్నే అడగాల్సింది. ఇద్దరం మీ వదినని అడిగాం, చూశావుగా.

ఆదివారం పొద్దున బస్సుకి దిగుతాను. నేల మీద పరవడానికి నా దగ్గర ఒక్క గుడ్డ కూడా మిగల్లేదు. కిటికీలకి వేలాడుతున్నవి దించి పెట్టు.

అన్నయ్య